క్యాన్ నీళ్ళు

పైపు కొస నోట్లో పెట్టుకుని ఒక్క పీలుపు పీల్చింది వజ్రమ్మ. నీళ్ళు నాలుకకు తగిలేలోపు తీసి బకెట్లో పడేసింది. ఎంత జాగ్రత్తగా పీల్చినా రోజుకో గుక్కెడు మింగక తప్పదు. కోరుట్ల బస్టాండు రోడ్డులో సతీశ్ పెట్టిన రంగు చేపల దుకాణంలో మూడేళ్ళుగా ఆమె పని ఇదే. పదకొండు గాజు తొట్లు. ఒక్కో తొట్టిలోంచి మూడో వంతు మురికి నీళ్ళు తోడెయ్యాలి, రెండు రోజుల కింద పట్టి నిలవ ఉంచిన నల్లా నీళ్ళు అంతే మేరకు పొయ్యాలి. బ్లీచింగు వాసన పోయేదాకా ఆ నీళ్ళు చేపకు విషం. ఈ సంగతి ఆమెకెవరూ చెప్పలేదు. చేరిన మొదటి వారంలోనే రెండు తొట్ల చేపలను చంపి నేర్చుకుంది.

యాభై అయిదేళ్ళ మనిషి. బీడీలు చుట్టీ చుట్టీ నడుం ముందుకు వంగింది, కుడి బొటనవేలి గోరు సగానికి అరిగిపోయింది. ఇప్పుడా చేతులు పొద్దస్తమానం నీళ్ళలో నాని తెల్లగా ముడుచుకుపోయి ఉంటాయి. చేపల మీద ఆమెకు పెద్ద ప్రేమేమీ లేదు. కొనడానికి వచ్చే మనుషులంటే మాత్రం ఒళ్ళు మంట.

మంట ఉండదా మరి! చేపను చూసి ముచ్చటపడి కొనేవాడు పదిమందిలో ఒక్కడు. మిగతావాళ్ళను సిద్ధాంతి పంపిస్తాడు. ఈశాన్యం మూలన బంగారు చేపలుంటే ఇల్లు కలిసొస్తుందట. రెండు చేతుల్లో పట్టే గాజు గిన్నెలో జోడీని కుక్కుతారు. ఇంటికొచ్చిన ప్రతివాడూ చిటికెడు మేత వేస్తాడు, మిగిలింది కుళ్ళుతుంది. మూడో రోజుకు చేపలు తేలతాయి. వాటిని కవర్లో పట్టుకొచ్చి, రోగం చేపలు అంటగట్టావని వజ్రమ్మ మీద అరుస్తారు. ఆమె ఊరుకునే రకం కాదు. మాటకు మాట అంటుంది.

పోయిన వారం అట్లాగే ఒకాయనతో పెద్ద గొడవైంది. "ఇంకోసారి గిరాకీతోని లొల్లి పెట్టుకుంటే తెల్లారి నుంచి రాకు" అని సతీశ్ తెగేసి చెప్పాడు. ఈ పని పోతే ఇంకో పని లేదు. వేళ్ళలో పట్టు తప్పిందని బీడీల కార్ఖానా వాళ్ళు ఆకు ఇవ్వడం ఎప్పుడో మానేశారు. అందుకే వారం రోజులుగా నోటికి తాళం వేసుకుంది. ఆ తాళం ఎంత బరువో ఆమెకే తెలుసు.

మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుంటుండగా ముందర ఆటో ఆగింది. రాజవ్వ దిగింది. నెలలో నాలుగోసారి రావడంతో ఆమె పేరు వజ్రమ్మకు గుర్తుంది. వెనక కొత్త కోడలు నవత దిగి మెట్టు దగ్గరే నిలబడింది. రాజవ్వ చేతిలోని కవరును బల్ల మీద కొట్టినట్టు పెట్టింది. అందులో రెండు చేపలు పొట్టలు పైకి తిరిగి, రంగు వెలిసి ఉన్నాయి.

"మొన్ననే తీస్కపోతిమి సేటూ. పొద్దుగాల సూస్తే ఎల్లెలకల పడ్డయి. గిది మూడో జోడి."

సతీశ్ దగ్గర అన్ని చావులకూ ఒకటే మందు. ఫోన్లోంచి తలెత్తకుండానే పోశాడు. "మంచిదే గదనే అవ్వా. మీ ఇంటి మీదికొచ్చిన దిష్టిని గవి తీస్కపోయినయి. ఇంకో జోడి పట్టుకపో."

"ఎన్నని తీస్కపోతయి? దిష్టి ఇంట్లనే తిరుగుతుంటె!" రాజవ్వ కోడలి వైపు గడ్డం ఎగరేసింది. "గీమె కాలు పెట్టి నాలుగు నెలలాయె. నా కొడుకు దుబాయ్ వీసా రెండుసార్లు వాపసొచ్చింది. ఆఖరికి శాపలు సుత బతుకుతలెవ్వు. గీ జోడి గూడ సస్తే దీన్ని తల్లిగారింటికి తోలుడే. మల్ల తెచ్చేది లేదు."

నవత వంచిన తల ఎత్తకుండా తన పాదాల వైపే చూస్తూ నిలబడింది.

ఆ చూపు వజ్రమ్మకు కొత్త కాదు. పదిహేడో ఏట ముస్తాబాద్ నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది. ఎనిమిదో నెలలో పెనిమిటి పొలం దగ్గర మోటరు వెయ్యబోయి షాకు కొట్టి పోయాడు. స్టార్టరు వైరు తేలి ఉందని ఇంట్లో అందరికీ తెలుసు. అయినా అత్త వైరును తిట్టలేదు. "దీని పాదం" అంది. ఆ మాట ముప్పై ఎనిమిదేళ్ళు వజ్రమ్మ వెంట తిరిగింది. పెళ్ళిళ్ళలో వెనక వరుసలో కూర్చుంది, బాలింత ఉన్న ఇంటి గడప తొక్కలేదు. తప్పు వైరుదని ఒక్కసారైనా గట్టిగా అననందుకు ఆమెకు ఇప్పటికీ తన మీద తనకే కోపం.

"ఏ నీళ్ళు పోసిన్రు?" అంది వజ్రమ్మ.

"ఏ నీళ్ళేంది? మేం తాగే నీళ్ళే, కూల్ క్యాన్" అంది రాజవ్వ గొప్పగా. "గింత పెట్టి కొన్న శాపలకు నల్లా నీళ్ళు పోస్తమా?"

సతీశ్ తల ఎత్తాడు. "వజ్రమ్మా, నువ్వు జోడి కట్టు."

"కడ్త. గని చెప్పి కడ్త." గొంతు దానంతట అదే లేచింది. "ఎండకు కాగిన శాపను తీస్కపోయి మంచు లెక్కున్న నీళ్ళల్ల ఏస్తిరి. గా నీళ్ళల్ల వాటికి పనికొచ్చేదంత నీళ్ళు శుద్ధి చేసే మిషినే గుంజేసింది. సావక ఏం చేస్తయి? దిష్టీ లేదు, పాదం లేదు. శాపలను సంపింది నువ్వు, నీ క్యాను."

"క్యాన్ నీళ్ళకు సస్తే మేమెట్ల బతుకుతున్నమే?" రాజవ్వ చేతులు తిప్పింది. "మంచిదాన్నే వెట్టుకున్నవ్ సేటూ పనికి!"

ఎర్రబడ్డ మొహంతో సతీశ్ ఆమెకు సర్దిచెప్పాడు. వజ్రమ్మ వల ముంచి నాలుగో తొట్టిలోంచి రెండు చేపలు తీసింది. కవర్లో పావు వంతు నీళ్ళు పోసి, మిగతాదంతా గాలి నింపి మూతి కట్టింది. నవత చేతికిచ్చింది. రాజవ్వ గొణుక్కుంటూ వెళ్ళి ఆటోలో కూర్చుంది.

"రేపటి నుంచి రాకు" అన్నాడు సతీశ్. అరవలేదు కూడా.

వజ్రమ్మ పైట చెంగుతో చేతులు తుడుచుకుంది. టిఫిను డబ్బా సంచిలో పెట్టుకుంది. గుండె మీద నుంచి బండ దిగినట్టుంది.

"అవ్వా, నిజంగ నీళ్ళ వల్లనేనా?" నవత మెల్లగా అడిగింది.

"నీళ్ళే బిడ్డా. నీ పాదానికేమైంది? సక్కగున్నది."

నవత కళ్ళు తడిశాయి. "ఇంటికి పోతే అత్తమ్మ మల్ల గా క్యాన్ నీళ్ళల్లనే ఏస్తది. గీటి సావు నా నెత్తినెందుకు? నేను తీస్కపోను." కవరును బల్ల మీద పెట్టి, ఖాళీ చేతులతో వెళ్ళి అత్త పక్కన కూర్చుంది. ఆటో కదిలి వెళ్ళిపోయింది.

"సేటూ, గా కవర్ ఇప్పి తొట్లె ఇడువు. తెల్లారేదాంక గాలి సాలది" అంది వజ్రమ్మ మెట్టు దిగుతూ.

"నువ్వు పోవే" అన్నాడు సతీశ్, ఫోన్లోంచి చూపు తిప్పకుండా.

ఆమె వెళ్ళిపోయింది. రబ్బరు బ్యాండుతో బిగించిన కవరు బల్ల మీదే ఉంది, లోపల రెండు బంగారు చేపలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతున్నాయి.