కాకి తేల్చిన ప్లాస్టిక్ బేరం

మా ఎనిమిది ఆవులూ ఎండాకాలం గట్టెక్కాలంటే నలభై కట్టల సైలేజీ కావాలి. పచ్చి మొక్కజొన్న తరిగి, గాలి చొరకుండా ప్లాస్టిక్ చుట్టి మాగబెట్టాలి. చిల్లు పడిందా, మేతంతా బూజే.

కొట్లో రెండు రకాలున్నాయి. మా దగ్గరున్న డబ్బుకు పలచటిది నలభై కట్టలకూ వస్తుంది, మందపుది ముప్పైకే వస్తుంది. నేను పలచటిదే చాలన్నాను. మా చిన్నప్పుడు గాలిపటం కాగితం చుట్టినా మేత పదేళ్లు నిలిచేదనీ, అది తిన్న ఆవు మేడ మెట్లెక్కి వచ్చి పాలిచ్చేదనీ చెప్పాను.

"మీ మాటలకేం గానీ, కాకిని అడుగుదాం," అంది మా ఆవిడ.

కొట్టువాడి దగ్గర రెండు రకాల ముక్కలూ అడిగి తెచ్చి, గింజలు పోసి రెండు పొట్లాలు చుట్టి, పాక మీద పెట్టింది. కాకి పలచటి పొట్లాన్ని ఒక్క పోటుకే చించి గింజలు తింది. మందపుదాన్ని పొడిచి పొడిచి, ముక్కు తుడుచుకుని ఎగిరిపోయింది.

"అది మామూలు కాకి కాదే, దాని ముక్కు గడ్డపార," అన్నాను.

"మరి రెండో పొట్లం దగ్గర గడ్డపార వంగిందేం?"

మందపుదే కొన్నాం. ముప్పై కట్టలతో ఆరు ఆవులే గట్టెక్కుతాయి గనక, మిగతా రెండింటినీ ఎండాకాలానికి మా వియ్యంకుడి ఇంటికి తోలాం. మేత ఆయనది, పాలూ ఆయనవే. ఫోన్ చేసినప్పుడల్లా ఆవులు బాగున్నాయంటాడు గానీ, ఎప్పుడు తోలుకుపోతారని మాత్రం అడగడు.