పై క్లాసు

"సోమవారం నుంచి నువ్వింట్లోనేగా, వంటమనిషిని ఇక రావద్దన్నానమ్మా" అంది అత్తగారు, అదేదో శుభవార్త అయినట్టు.

బీన్స్ ఈనెలు తీస్తున్న కోడలి చెయ్యి ఆగిపోయింది. వంటమనిషి వచ్చేలోగా కూర తరిగి ఉంచడం రోజూ ఆమె వంతే. టీచరు ఉద్యోగానికి రాజీనామా ఎందుకిచ్చిందో ఈ బల్ల దగ్గరే రెండుసార్లు చెప్పింది. మొక్కల శాస్త్రం ఎమ్మెస్సీలో సీటొచ్చింది, రెండేళ్లు పగలంతా కాలేజీ, అని. వీళ్ల చెవికెక్కింది మాత్రం రాజీనామా ఒక్కటే! "పోన్లే, ఇన్నాళ్లకి ఇంటిపట్టున ఉంటావు" అన్నాడు భర్త, పేపర్లోంచి తలెత్తకుండానే. పదహారేళ్లూ ఆమె బడికి కాక షికార్లు తిరిగొచ్చినట్టు!

ఆఖరి రోజు బడికి నడుస్తుంటే ఆ కోపం కూడా నిలవలేదు, గుండె అలా గంతులేస్తోంది. ఆమె చెప్పేది ఆరో తరగతి సైన్సు. సుద్దముక్క చేతికొస్తే ఆమెకి ఆకలి గుర్తుండదు. ఆ పిల్లల్ని వదలడమంటే మాటలా? కానీ ఆమెని కుదురుగా ఉండనివ్వనిది ఆ పిల్లలే కదా! ఆకు రాలబోతోందని చెట్టుకి ముందే తెలుస్తుందా, అని మూడో బెంచీ వాగుడుకాయ అడిగినప్పుడు, తెలియనిదాన్ని దాటెయ్యడానికి టీచర్లందరూ అనేదే ఆమె కూడా అంది: "అది పై క్లాసులో చెప్తారు." ఎన్ని వందలసార్లు అనుంటుందో! సిగ్గేసి, ఆ సాయంత్రమే దరఖాస్తు పెట్టింది.

చివరి పీరియడ్‌లో ఆ వాగుడుకాయే లేచింది, ముక్కు ఎగబీలుస్తూ.

"మీరెందుకు వెళ్లిపోతున్నారు టీచర్?"

"నువ్వడిగిందానికి జవాబు కనుక్కోవద్దూ? పై క్లాసుకి వెళ్తున్నా."

"మీక్కూడా హోంవర్కు ఇస్తారా?"

"చెయ్యకపోతే నిలబెడతారు కూడా."

క్లాసంతా గొల్లుమంది. ఆమెకి నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. ఆ పిల్ల మాత్రం ఇంకా కూర్చోలేదు. "మా అమ్మా చదువుకుంటానంది. ఇంట్లో పనెవరు చేస్తారన్నాడు నాన్న. మరి మీ ఇంట్లో ఎవరు చేస్తారు టీచర్?"

"అది పై..." నోటిదాకా వచ్చిన మాట ఆపేసుకుంది. దీనికి పై క్లాసెక్కడుంది!

"సోమవారం నుంచి అందరం చేస్తాం" అంది.

గేటు దాటకముందే వంటమనిషికి ఫోన్ చేసింది. "నీ పనెక్కడికీ పోలేదు, మామూలుగానే రా. కూర తరిగి ఉంచేది మాత్రం ఇక నేను కాదు."

సోమవారం పొద్దున్న భర్త పేపరు మీద బీన్స్ గిన్నె పెట్టి, భుజానికి సంచీ తగిలించుకుంటూ, నలభైమంది పిల్లల్ని ఒక్కసారిగా నిశ్శబ్దం చేసే గొంతుతో అంది: "ఈనె ఇలా తీస్తారు. జాగ్రత్తగా చూడండి, మళ్లీ చెప్పను. నాకు క్లాసుకి టైమవుతోంది."