అట్ట నిండితే ఆదివారం

మా పెళ్ళయి ఆరు వారాలు. ఈ ఆరు వారాల్లో మేమిద్దరమే బయట గడిపిన సమయమంతా కలిపినా ఒక పూట కాదు. అందులోనూ సగం దారాల కొట్టు దగ్గర మా వంతు కోసం నిలబడటానికే సరిపోయింది.

తప్పు ఎవరిదీ కాదు. కింద దుకాణం, పైన ఇల్లు, ఇంటిల్లిపాదీ దర్జీలు. మామగారు కొలతలు తీసుకుంటారు, మా ఆయన బట్ట కత్తిరిస్తాడు, అత్తగారు మిషన్ మీద కుడతారు. డిగ్రీలో స్టాటిస్టిక్స్ చదివొచ్చిన నాకు కాజాలు అప్పగించారు. చొక్కాకి ఏడు కాజాలు. మొదటి వారం నేను కుట్టినవాటిలో గుండీ దూరినవెన్ని అని అత్తగారు అడిగితే శాతాల్లో చెప్పాను. ఆవిడ కాసేపు నా మొహంలోకి చూసి, శాతం దూరితే చాలదమ్మా, గుండీ దూరాలి అన్నారు. బడులు తెరిచే రోజులు కావడంతో యూనిఫారాల పని గుట్టలుగా పడి ఉంది. తల్లిదండ్రులు పిల్లల్ని కొలతలకి తీసుకొచ్చేదే ఆదివారాలు కాబట్టి ఆ రోజూ సెలవు లేదు.

నాకేం కష్టంగా లేదు. ఒకే గ్లాసులో రెండు టూత్‌బ్రష్‌లు ఒకదానికొకటి ఆనుకుని కనిపిస్తే రోజూ పొద్దున్నే నాలో నేనే నవ్వుకుంటాను. మెడలో టేపుతో మా ఆయన మెట్లెక్కి వస్తున్న చప్పుడు, మిగతా అందరి అడుగుల్లోంచీ గుర్తుపట్టగలను. కోరిక మాత్రం ఒకటుంది. డాబా మీద బట్టలు ఆరేస్తుంటే దూరంగా ఒక రైలు వెళ్తుంది. అది ఎక్కి, ఆఖరి స్టేషన్ దాకా వెళ్ళి చూడాలి. మా ఆయన పుట్టి పెరిగింది ఈ ఇంట్లోనే, అయినా ఒక్కసారీ ఆ చివరిదాకా వెళ్ళలేదట. ఎందుకు వెళ్ళలేదంటే, అక్కడ మన ఖాతాదారులు లేరు కదా అన్నాడు. ఆ క్షణమే నిశ్చయించుకున్నాను. ఒక ఆదివారం, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా, ఇద్దరం కలిసి, ఆ రైలు ఆగిపోయే చోటికి.

అయితే ఈ ఇంట్లో సెలవు అడిగితే రాదు, గెలుచుకోవాలి.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక రెండు గంటలు షట్టర్ దించేసి, పై గదిలో చాప పరిచి రమ్మీ ఆడతారు. డబ్బు మాటే లేదు, కోటు గుండీలే పందెం. తలా ఎనిమిది గుండీలతో కూర్చుంటారు. ఆ గుండీలు డజను చొప్పున అట్టలకి కుట్టి వస్తాయి కదా, అలాంటి ఖాళీ అట్ట ఒకటి ప్రతి ఒక్కరి ముందూ ఉంటుంది. ఆట ముగిసేసరికి ఎవరి అట్ట పన్నెండు గుండీలతో నిండితే వాళ్ళకి మర్నాడు సెలవు. వాళ్ళ పని మిగతావాళ్ళు పంచుకోవాలి. మొదట్లోనే డ్రాప్ అయితే ఒక గుండీ, ఆడి ఓడితే రెండు, ఒకే రంగు వరస ముక్కల లైఫ్ కూడా కలవకుండా దొరికిపోతే నాలుగు. అన్నీ గెలిచినవాళ్ళకి చెందుతాయి.

ఇంతవరకూ ఎక్కడైనా ఉండేదే. అసలు తిరకాసు ఆట ఆపడంలో ఉంది. గెలిచినవాళ్ళు లేవడానికి వీల్లేదు. ఒక్కో పంపకం అయ్యాక, అందులో అందరికన్నా ఎక్కువ గుండీలు ఇచ్చుకున్నవాళ్ళే 'చాలు' అనాలి. అదీ తర్వాతి పంపకానికి మొదటి ముక్క పడేలోపే. ఎవరూ అనకపోతే నాలుగింటికి షట్టర్ తీసేదాకా ఆట సాగుతుంది. ఓడినవాళ్ళు చాలని ఎందుకంటారు? పోయినవి మళ్ళీ లాక్కోవాలనే చూస్తారు. అందుకే నిండిన అట్ట నిండినట్టే ఉండగా ఆట ఆగడం ఇక్కడ బహు అరుదు. మామగారు పోయినేడాది మొత్తం మీద రెండు ఆదివారాలు గెలుచుకున్నారట. రెండూ నిద్రపోయే గడిపారట.

ఆ శనివారం ముక్కలు నా చిరునామా వెతుక్కుంటూ వచ్చాయి. వరుసలో మొదట మా ఆయన, తర్వాత నేను, తర్వాత అత్తగారు, ఆవిడ పక్కన మామగారు. ఎవరు ఏ ముక్క ఎత్తారు, ఏది వేశారు, కట్టలో ఇంకా ఏవి మిగిలుంటాయి అని నేను లోపల లోపల లెక్కలు కట్టుకుంటున్నాను. కావాలనుకున్న ముక్క కావాలనుకున్నప్పుడు వచ్చి పడుతోంది. చదువు ఊరికే పోలేదని గర్వంగా ఉంది. మూడుంపావుకి నా ముందు ఇరవై నాలుగు గుండీలున్నాయి. అత్తగారి దగ్గర నాలుగు, మామగారి దగ్గర రెండు, మా ఆయన దగ్గర రెండు.

నా అట్ట నింపాను. మా ఆయన ముందున్న అట్ట నా వైపు లాక్కుని అదీ నింపాను. రెండు డజన్లు, ఇద్దరికీ సరిగ్గా సరిపోయాయి. ఇక చాలండీ, రేపు మా ఇద్దరికీ సెలవు అని ప్రకటించాను.

అత్తగారు తలెత్తకుండా ముక్కలు కలుపుతూనే ఉన్నారు.

"చాలనడానికి నీకు హక్కు లేదు, గెలిచావు కదా. పైగా గెలిచినవి గెలిచినవాళ్ళవేనమ్మా. ఆ రెండో అట్ట కూడా నీదే. రేపు నువ్వు వెళ్ళిరా, వాడు కత్తిరించుకుంటాడు."

రెండో డజను పోనీ వచ్చే వారానికి పనికొస్తుందా అని అడిగాను. ఆట లేవగానే గుండీలన్నీ డబ్బాలోకి పోతాయట, మిగిలినవాటికి విలువుండదట. నా మొహం వాడిపోయి ఉంటుంది. ఒక్కదాన్నే ఆఖరి స్టేషన్ దాకా వెళ్ళి ఏం చేస్తాను? స్టేషన్ మాస్టారికి కాజాల గురించి చెప్పనా?

అంతటితో ఆగకుండా ఆవిడ ఇంకో మాట అన్నారు. "నీ తెలివికి గెలిచావనుకుంటున్నావేమో. ఇందాక లెక్క చూపించినప్పుడు వాడి చేతిలో రెండు రాణులున్నాయి. మూడో రాణిని తీసి నీకు పడేశాడు, నా కొడుకు."

నేను మా ఆయన వైపు తిరిగాను. ఆయన గుండీ ఒకటి తీసుకుని దాని చిల్లుల్లోంచి పైన ఫ్యానుని పరిశీలిస్తున్నాడు. చెవులు మాత్రం ఎర్రగా కందిపోయాయి. గంటకి పైగా ఆయన తన చేతిని తానే విరుచుకుంటూ నాకు కావలసినవి వేస్తూ ఉన్నాడన్నమాట. నా లెక్కలన్నీ ఆయన మీదే నడిచాయి. చదువు మీద గర్వం సగానికి సగం కుంగిపోయింది. ఆ ఖాళీలోకి ఎంత సంతోషం వచ్చి కూర్చుందో, దాన్ని కొలవడానికి మామగారి టేపు కూడా చాలదు.

ఇది దొంగాట కిందికి వస్తుందా అని భయపడ్డాను గానీ, మామగారే తీర్పు చెప్పేశారు. మొగుడూ పెళ్ళాం ఒకరికొకరు ముక్కలు వేసుకోకూడదని రూలేం లేదట, తనూ అత్తగారూ ముప్పై ఏళ్ళుగా అలాగే ఆడుతున్నారట.

"మీరా? మీరు నాకు పనికొచ్చే ముక్క ఏనాడు వేశారండీ?" అన్నారు అత్తగారు.

"వేశానే. నువ్వెత్తలేదు."

ఈ సంభాషణ నడుస్తుండగా నా బుర్రలో లెక్క తలకిందులైంది. ఇప్పుడు నేను గెలవకూడదు, మా ఆయన గెలవాలి. ఆయన అట్ట పన్నెండుకి చేరాలి, నాది పన్నెండు కిందికి దిగకూడదు. ఆఖరి పంపకంలో నేనే అందరికన్నా ఘోరంగా ఓడాలి, అప్పుడే చాలనే హక్కు నాకొస్తుంది. ఇదంతా నలభై అయిదు నిమిషాల్లో. నాకున్న ఒకే ఒక ఆధారం, రమ్మీలో ప్రపంచంలోకెల్లా నిదానస్తుడైన ఆటగాడు.

మొదటి ప్రయత్నం తుస్సుమంది. నేను డ్రాప్ అయి ఆయనకి దారి వదిలాననుకుంటే, ఆ దారిలో అత్తగారు దర్జాగా నడిచొచ్చి ఆట ఎగరేసుకుపోయారు. మామగారూ మా ఆయనా కూడా నా వెనకే డ్రాప్. నాకు ఇరవై మూడు, అత్తగారికి ఏడు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. అప్పుడు అర్థమైంది అసలు చిక్కు. నేను వేసే ముక్క ఆయనకి అందదు, అత్తగారికి అందుతుంది. నేను ఆయనకి ముందు వరుసలో కూర్చోవాలి. ఓడుతున్నవాళ్ళు చోటు మారమని అడగొచ్చు, కానీ అది ఆయనే అడగాలి. చీర కుచ్చిళ్ళ చాటు నుంచి ఆయన కాలు తొక్కాను.

"నా కాలెందుకు తొక్కుతున్నావ్?" అన్నాడు, గదంతా వినిపించేలా.

అత్తగారు నవ్వాపుకోలేక పక్కకి తిరిగారు. మామగారు కొడుకుని జాలిగా చూశారు. ఎండ మీ కళ్ళలో పడుతోంది కదండీ, చోటు మారతారా అని నేనే దారి చూపించాల్సి వచ్చింది. పడట్లేదే అన్నాడు. మళ్ళీ తొక్కాను. ఈసారి వెలిగింది. అవును, విపరీతంగా పడుతోంది అంటూ లేచాడు. కిటికీ ఆయన వెనక ఉంది.

మారిన చోట్లలో మొదటి ఆట చెప్పుకోదగ్గదే. నేను ఒక్కొక్కటిగా వేశాను, ఆయన ఒక్కొక్కటిగా ఎత్తాడు. షో చెప్పి ముక్కలు పరిచినప్పుడు, తాను చూస్తున్నది తన చేతినేనా అన్నట్టు రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు. లైఫ్ కలవని నేను నాలుగు సమర్పించుకున్నాను. అత్తగారూ మామగారూ డ్రాప్ అయ్యారు కాబట్టి చెరొకటి ఇచ్చారు. నాకు పంతొమ్మిది, ఆయనకి ఏడు, అత్తగారికి ఆరు. మామగారి గుండీలు నిండుకోవడంతో ఆయన రూలు ప్రకారం చాప మీంచి లేచి, హాయిగా మంచం మీద వాలిపోయారు.

రెండో ఆటకి గడియారం మూడూ నలభై చూపిస్తోంది. పంచగానే నా చేతిలో ఆఠీను ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది కలిసే వచ్చాయి. పుట్టి బుద్ధెరిగాక అంత అందమైన చెయ్యి చూడలేదు. మామూలు రోజైతే నాలుగు చుట్లలో షో చెప్పేదాన్ని. ఆయన చెవులకేసి చూస్తూ, నా లైఫ్ నేనే విరుచుకుని ఏడు వేశాను. గబుక్కున ఎత్తాడు. అంటే ఎనిమిది కూడా కావాలి. తర్వాతి చుట్టులో అదీ వేశాను. ఆ పని చేస్తున్నప్పుడు చేతివేళ్ళ దాకా ఏదో హాయి పాకింది. ఇందాకటి నుంచీ ఈయన ఒక్కడే ఇంత సుఖం అనుభవిస్తున్నాడా అనిపించింది.

ఆయన ఆ ఎనిమిదిని చూశాడు. కట్టని చూశాడు. మళ్ళీ ఎనిమిదిని చూశాడు. చెయ్యి కట్ట వైపు వెళ్ళింది. నేను దగ్గాను. చెయ్యి గాలిలో ఆగింది. ఇంకోసారి దగ్గాను. మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

మంచం మీంచి కళ్ళు తెరవకుండానే మామగారన్నారు: "ఒరేయ్, ఆ ముక్క నీకోసమే వేసిందిరా. ఎత్తి మమ్మల్ని పడుకోనివ్వు."

"మీ గుండీలు అయిపోయాయి, మీరు మాట్లాడకూడదు" అన్నారు అత్తగారు. కానీ అప్పటికే మా ఆయన ఎత్తేశాడు, షో చెప్పేశాడు.

నేను నాలుగిచ్చాను. ఆడి ఓడిన అత్తగారు రెండిచ్చారు. నాకు పదిహేను, ఆయనకి పదమూడు. రెండు అట్టలూ నిండాయి. అందరికన్నా ఎక్కువ ఇచ్చుకున్నది నేను. గడియారంలో ఇంకా ఎనిమిది నిమిషాలున్నాయి. నోరు తెరిచి ఒక్క మాట అంటే ఆదివారం మాదే.

సరిగ్గా అప్పుడు మా ఆయన ముక్కలన్నీ పోగేసి కలపడం మొదలుపెట్టాడు. పెళ్ళిలో కూడా ఆ మొహం అంత వెలగలేదు. చాప మీద కూర్చున్న తీరే మారిపోయింది. ఇంకొక్కటి ఆడదాం, చెయ్యి తిరిగింది అన్నాడు. పుట్టినప్పటి నుంచీ ఈ చాప మీద ఓడుతూనే ఉన్న మనిషి వరసగా రెండు గెలిచాడు. ఆ మాట కొట్టిపారేయడానికి నాకు మనసొప్పలేదు. ఆయన డ్రాప్ అయితే పన్నెండు మిగులుతాయి, ఫరవాలేదు. ఆడి ఓడితే పదకొండు. ఆ ఊపులో ఆయన డ్రాప్ అవడం కల్ల. ఈసారి అత్తగారికి మంచి ముక్కలు పడితే రైలూ లేదు, స్టేషనూ లేదు. కానీ గెలిస్తే, వరసగా మూడోసారి గెలిస్తే ఆ మొహం ఇంకెలా ఉంటుందో చూడాలని నాకూ ఉంది. నిజం చెప్పొద్దూ, చాలా ఉంది.

"ఆడనివ్వమ్మా" అన్నారు అత్తగారు ఎంతో ప్రేమగా. "వాడికి మళ్ళీ ఎప్పుడొస్తుందో ఇలాంటి రోజు."

ఆవిడ కళ్ళు మాత్రం ఆయన అట్ట మీదే ఉన్నాయి. నాలుగే గుండీలతో ఉన్న మనిషికి అంత ప్రేమ ఎందుకు పుట్టుకొచ్చిందో నాకు వెంటనే తెలిసింది. ఆయన మొదటి ముక్క పంచడానికి బొటనవేలితో జరిపాడు. నేను దాని మీద నా అరచెయ్యి పెట్టేశాను.

"చాలు" అన్నాను.

ఆయన మొహం కొంచెం దిగాలుగా మారింది. తర్వాత తన అట్టనీ నా అట్టనీ పక్కపక్కన చూసుకున్నాడు. అప్పటిదాకా ఆయన తన గుండీలు లెక్కపెట్టుకోలేదనుకుంటాను. రెండూ నిండాయా అని అడిగాడు. నిండాయి అన్నాను. చెవులు మళ్ళీ ఎర్రబడ్డాయి. ముక్కల కట్ట నెమ్మదిగా అత్తగారికి అందించాడు.

ఆవిడ గుండీలన్నీ డబ్బాలో పోసి, మూత బిగించి, చీర సర్దుకుని లేచారు. రేపు ఎన్ని జతల యూనిఫారాలున్నాయో, ఇద్దరే ముసలివాళ్ళు ఎంత సేపు కుట్టాలో మామగారికి వినిపించారు. మామగారి నుంచి గురకే జవాబు. చివరికి ఆవిడ మా వైపు తిరిగారు.

"ఎనిమిదింటికి షట్టర్ తీస్తాను. ఈలోగా ఇద్దరూ వెళ్ళిపోవాలి. తర్వాత నా కంటబడ్డారో, పండగా లేదు పబ్బమూ లేదు, కాజాలకి కూర్చోబెడతాను."

ఆవిడ మనసు మారుతుందేమోనన్న భయంతో మేం ఆదివారం అయిదున్నరకే చెప్పులు చేత్తో పట్టుకుని మెట్లు దిగాం. స్టేషన్‌కి వెళ్తే టిక్కెట్ల కిటికీ మూసి ఉంది. మొదటి రైలు ఏడూ నలభైకట. ప్లాట్‌ఫాం మీద బెంచీ అంతా మాదే. ఆయన వేళ్ళు ముక్కల్లా పట్టుకుని, రెండో ఆటలో ఎనిమిది ఎందుకు ఎత్తాడో, అది తనకి ముందే ఎలా తెలుసో వివరించడం మొదలుపెట్టాడు. నేను ఆయన భుజానికి ఆనుకుని, నిజమా, తర్వాత ఏమైంది అని అడుగుతూ కూర్చున్నాను. రైలు రావడానికి ఇంకా రెండు గంటలుంది. అది కూడా సెలవులోకే వస్తుంది.