నవంబరు పదకొండున మోగిన జేగంట

నేను ఒక జేగంటను. బొబ్బిలి వైపు ఒక కంచరి కొలిమిలో పుట్టాను. ఇప్పుడు మ్యూజియంలో గాజు పెట్టెలో వేలాడుతున్నాను. నా కింద ఒక చీటీ అతికించారు: "నవంబరు పదకొండున, మహాయుద్ధ మృతుల కోసం మౌనం పాటించడానికి కలెక్టరు కచేరీలో మోగించిన గంట." అది చదివినవాళ్ల గొంతు వినబడితే చాలు, నాకు ఒళ్లు మండిపోతుంది. మౌనమట, మౌనం!

కంచరి నన్ను ఒక దాసరి కోసం పోతపోశాడు. మా ప్రాంతంలో ఎవరైనా పోతే దాసరి శంఖం ఊది జేగంట కొడతాడు. ఆ దెబ్బ వినగానే ఆడవాళ్లు శోకాలు అందుకుంటారు. పోయినవాడికి అదే మర్యాద. ఆ దాసరి చేతికి చేరకముందే కచేరీ జవాను వచ్చి, సర్కారుకు కావాలంటూ నన్ను పట్టుకుపోయాడు. ఎందుకని అడిగే ధైర్యం ఎవరికుంది? అప్పటినుంచి గంటగంటకూ జవాన్ల పైవాడు డఫేదారు నారాయణప్పుడి చేతి సుత్తి దెబ్బలు తింటూ కచేరీ వరండాలో బతికాను.

యుద్ధం ముగిసింది. ఏటా అది ముగిసిన తేదీన, పదకొండు గంటలకు, రాజ్యమంతా రెండు నిమిషాలు ఉలుకూ పలుకూ లేకుండా నిలబడాలని లండను నుంచి రాజుగారి ఆజ్ఞ వచ్చింది. నన్ను ఒకసారి కొడితే మొదలు, మళ్లీ కొడితే ముగింపు. అయినవాళ్లను పోగొట్టుకున్నవాళ్లంతా రావాలని టముకు వేయించారు.

ఎర్నమ్మ వచ్చింది. ఆమె ఒక్కగానొక్క కొడుకు దాలయ్యను యుద్ధంలో బరువులు మోయడానికని పట్టుకెళితే, సముద్రం అవతల బస్రాలో జ్వరమొచ్చి పోయాడు. శవం రాలేదు. శవం లేని చావుకు దాసరి రానన్నాడు. గంట మోగనిదే శోకం ఎత్తకూడదన్నారు ఊరి పెద్దలు. ఆ ఏడుపు గొంతులోనే పెట్టుకుని తిరిగింది. సర్కారే తన కొడుక్కి గంట కొట్టిస్తోందని నమ్మి వచ్చింది, పిచ్చితల్లి.

నారాయణప్పుడు నన్ను కొట్టాడు. కలెక్టరు దొర టోపీ తీశాడు. గుమస్తాలు బిగుసుకుపోయారు. ఎర్నమ్మ గుండెలు బాదుకుంటూ "ఓరి నా కొడకో! నా దాలిగో!" అని ఎత్తుకుంది.

ఇద్దరు జవాన్లు ఉరికివచ్చి, ఆమె నోరు నొక్కి, గేటు బయటికి ఈడ్చిపడేశారు.

"నా కొడుకు కోసం నానేడిస్తే రాజుగారికేటి నొప్పి బాబూ?" అని అడిగింది.

బిడ్డను చంపేసి, తల్లికి ఏడవడం నేర్పుతారా! దొరకు కోపం ఎవరి మీద వచ్చిందనుకున్నారు? మౌనంలో కదిలినందుకు జవాన్ల మీద! ఇకమీదట రెండో గంట మోగేదాకా, కొంప అంటుకున్నా ఎవడూ కదలకూడదని హుకుం జారీ చేశాడు.

మరుసటి ఏడు ఎర్నమ్మ మళ్లీ వచ్చింది. లోపలికి రానివ్వలేదు. నారాయణప్పుడు గేటు దాకా వెళ్లి, ఆమెను అక్క వరసతో పిలిచి మెల్లగా అన్నాడు: "అప్పా, గంట కొట్టినాక ఎవుడూ కదల్డు. నువ్వు కడుపారా ఏడు. నానున్నాను."

గంట మోగింది. ఎర్నమ్మ అందుకుంది. జవాన్లు కొయ్యబారి నిలబడ్డారు. దొర మొహం కందగడ్డయింది. రెండు నిమిషాలు దాటాయి. సుత్తి లేవలేదు. దొర కళ్లతోనే ఉరుముతున్నాడు. నోరు విప్పితే తన హుకుం తానే తప్పినట్టు! ఎర్నమ్మ కొడుక్కి పట్టిన అంబలి, కట్టిన మొదటి మొలతాడు, రైలెక్కుతూ వాడు వెనక్కి తిరిగి చూసిన చూపు, అన్నీ చెప్పుకుని ఏడ్చింది. చివరికి కొంగుతో మొహం తుడుచుకుంది. అప్పుడు కొట్టాడు నారాయణప్పుడు.

"ఇంతసేపు ఏం చేస్తున్నావురా?" అని దొర అరిచాడు.

"శోకం మజ్జిలో గంట కొట్టకూడదు బాబూ. మా కాడ తప్పు."

ఆ పూటే అతని ఉద్యోగపు బిళ్ల పీకేసి ఇంటికి పంపేశారు. ఎర్నమ్మ ఏటికి పోయి తలమీంచి స్నానం చేసి, కొడుకు పోయాక మొదటిసారి కడుపునిండా అన్నం తిన్నదట.