అమ్మాయి బిగించిన బండి

ముప్పై ఏళ్ళుగా మోటారు సైకిళ్ళు బాగుచేస్తున్నాను. ఇన్నేళ్ళలో నా పని తప్పిందని ఎవరి చేతా అనిపించుకోలేదు. తప్పలేదని కాదు, అననివ్వలేదు. పెట్రోలు కల్తీదనో, నడిపేవాడికి నడపడం రాదనో ఏదో ఒకటి చెప్పి పంపేసేవాణ్ణి.

అలాంటి నాకు పుట్టిన అమ్మాయి చదువు ముగించి, నా షాపులోనే పనిచేస్తానని పట్టుబట్టింది. షాపులో సగం వాటా మా బావమరిదిది. ఇదంతా మూన్నాళ్ళ ముచ్చటని వాడు నెల రోజులు నస పెట్టాడు. చివరికి ఒక ఒప్పందానికొచ్చాం. ఆదివారం ఇంటి దగ్గర నా పాత బండిని అమ్మాయి ఒక్కతే విప్పి, శుభ్రం చేసి, బిగించాలి. మేనమామ ముందు అది స్టార్టయితే షాపులో చోటు. కాకపోతే ఆ మాట మళ్ళీ ఎత్తకూడదు. నేను వేలు పెట్టకూడదు.

వేలు పెట్టకుండా వరండాలో కూర్చోవడం ఎంత కష్టమో నన్నడగండి. అమ్మాయి ఆయిలు మార్చింది, ప్లగ్గు తోమింది, గాలి ఫిల్టరు తీసి దులిపి ఎండలో పెట్టింది. విప్పిన స్క్రూలను విప్పిన వరుసలోనే పళ్ళెంలో పేర్చింది. ఎంత చక్కగా నేర్పారో అనుకుని మీసం మీద చెయ్యి వేసుకున్నాను. నేర్పింది నేనే కదా.

పదకొండింటికి బావమరిది వచ్చి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. అమ్మాయి కిక్కు కొట్టింది. బండి ఓసారి దగ్గి ఊరుకుంది. పది కిక్కులయ్యాయి, ఇరవై అయ్యాయి. పాపం బాగానే కష్టపడిందిలే అన్నాడు వాడు. ఆ పాపం అన్న మాటకి నాకు ఒళ్ళు మండి లేవబోయాను.

“నువ్వు కూర్చో నాన్నా,” అంది అమ్మాయి.

చెమట తుడుచుకుని ప్లగ్గు విప్పింది. వాసన చూసింది. తుడిచి, ఇంజనుకు ఆనించి కిక్కు కొడితే నిప్పురవ్వ నీలంగా మెరిసింది.

“కరెంటు వస్తోంది. ప్లగ్గు తడిసిందంటే పెట్రోలూ వస్తోంది. ఇంక అందనిది గాలే.”

గాలి అనగానే నేను చేసిన పని గుర్తొచ్చింది. మా షాపులో ఒక అలవాటుంది. ఫిల్టరు తీస్తే లోపల దుమ్ము పడకుండా దాని వెనకాల గొట్టంలో గుడ్డ కుక్కుతాం. పొద్దున అమ్మాయి మంచినీళ్ళకి లోపలికెళ్ళినప్పుడు, ఆ గొట్టం తెరిచి ఉండటం చూసి నా చెయ్యి ఊరుకోలేదు. నా జేబురుమాలే అందులోకి తోసి, ఏమీ ఎరగనట్టు వచ్చి కూర్చున్నాను. ఆ తర్వాత నిజంగానే మర్చిపోయాను.

ఫిల్టరు విప్పి, గొట్టంలోకి రెండు వేళ్ళు పోనిచ్చి రుమాలు బయటికి లాగింది. అది ఎవరిదో తనకి తెలుసు. నా వంక ఒక్క చూపు చూసింది. ఏమిటది అని అడిగాడు మేనమామ.

“గుడ్డ మామయ్యా. బిగించే ముందు గొట్టంలోకి చూసుకోవాలి. చూసుకోలేదు. తప్పు నాదే.”

అంత తేలిగ్గా అనేసింది. ప్లగ్గు ఆరబెట్టి, అన్నీ బిగించి కిక్కు కొట్టింది. రెండో కిక్కుకి బండి అందుకుంది. ఆ చప్పుడుకి నా ప్రాణం లేచొచ్చింది.

బావమరిది మాత్రం పెదవి విరిచాడు. స్టార్టయితే అయింది గానీ, గుడ్డ లోపల మర్చిపోయే మనిషికి జనం బళ్ళు ఎలా అప్పగిస్తామన్నాడు. అమ్మాయి తలొంచుకుంది.

“ఆ గుడ్డ పెట్టింది నేను,” అన్నాను. “మాట తప్పి వేలు పెట్టింది నేను, మర్చిపోయింది నేను. తనకి దాని సంగతే తెలీదు. తెలీని తప్పుని కూడా ఇరవై నిమిషాల్లో పట్టుకుంది.”

వాడు నన్ను ఎగాదిగా చూశాడు.

“నీ నోట ఈ మాట వినడం ఇదే మొదలు బావా. సరే, రేపటి నుంచి తను వస్తుంది. నిన్ను ఉంచుకోవాలో వద్దో కూడా తననే అడుగుదాం.”

“ఉంచుకుందాం మామయ్యా,” అంది అమ్మాయి, చేతులు తుడుచుకుంటూ. “చెప్పిన మాట వింటే.”

వింటానన్నాను. బావమరిది ఎదుట తప్పు ఒప్పుకున్న రోజున తల కొట్టేసినట్టుండాలి నాకు. అలా ఏమీ లేదు. లోపలికెళ్ళి మా ఆవిడతో, మన షాపుకి అసలైన మెకానిక్కు ఇవాళ దొరికిందని చెప్పాను.