పునాది గుంటల్లో చోడి నారు

పాచిపెంట నుంచి పైకెక్కే కొండల్లో ఒక ఊరికి, తొంభై ఎనిమిది వేసవిలో, నీళ్ళు పంపుతామని పంపు పంపారు. పంపినవాళ్ళు పంపేసి కొండ దిగిపోయారు. దాన్ని కూర్చోబెట్టే పని సాలూరు ఫిట్టరు యేసుపాదానిది, అతనికి సాయం ఆ ఊరి బుధు.

ఊరు పైన, నీళ్ళు పారే గెడ్డ కింద. వరద తగలకుండా గెడ్డ పక్కన రాతిగట్టు మీద పంపుకు కాంక్రీటు దిమ్మ పోశారు. దిమ్మ నాలుగు మూలలా నాలుగు గుంటలు వదిలారు. పంపు కాళ్ళకు వేలాడే బోల్టులు వాటిలోకి దిగాక సిమెంటు జావ పోస్తే, అది గట్టిపడి బోల్టులను పట్టుకుంటుంది. అందాకా దిమ్మ బీటలు వారకుండా రోజూ తడపమని బుధుకు చెప్పి, యేసుపాదం సాలూరు వెళ్ళాడు.

అలా బుధు నెత్తిన ఇద్దరు పచ్చి బాలింతలు పడ్డారు. ఒకరు ఆడపిల్లను కని కన్నవారింట్లో ఉన్న భార్య నీలవేణి, రెండోది ఈ దిమ్మ. పురిటికి వెళ్ళేటప్పుడు నీలవేణికి అతనొక మాట ఇచ్చాడు. ఆమె తిరిగొచ్చేసరికి నీళ్ళు ఊళ్ళోకి వస్తాయి, ఇక గెడ్డలోకి దిగే పని లేదు. నెలలు నిండాక కూడా ఆమె కుండ నెత్తిన పెట్టుకుని ఏటవాలు ఎక్కుతుంటే, వెనకాల ఖాళీ చేతులతో నడిచినవాడు అతను. ఆ ఊళ్ళో మగవాడు కట్టెలు మోస్తాడు, కావడి మోస్తాడు. కుండ మాత్రం ఆడవాళ్ళ తలరాత, తల మీదే రాశారు.

దిమ్మ కోసం బుధు మొదట కావడే వేశాడు. గట్టు దారి ఇరుకు, మొదటి రోజే కుండ రాయికి తగిలి పగిలింది. రెండో కుండను నెత్తికెత్తుకున్నాడు. తల్లి అసిరమ్మ చూసి, కోడలు రాకముందే కొడుకు కోడలైపోయాడని ఊరంతా చెప్పుకుని నవ్వింది. అతను ఆ నవ్వులు కూడా మోశాడు. కొన్నాళ్ళకు మెడ కుడివైపు తిరగడం మానేసింది. ఎడమవైపు నిలబడ్డవాళ్ళకే జవాబు చెప్పేవాడు. కుండ కొండంత బరువని అప్పుడు తెలిసింది. అయినా అతను ఎక్కేది ఆ దారిలో అడుగున చిన్న ముక్కే. నీలవేణి ఊరిదాకా ఎక్కేది.

తడపడంతో ఊరుకోలేదు బుధు. వాళ్ళ ఊళ్ళో కొత్త ఇంటికి నడిమి స్తంభం నిలిపేటప్పుడు గుంటలో గుప్పెడు మట్టి, గుప్పెడు చోళ్ళు, అంటే రాగులు, వేస్తారు, ఇల్లాలు ఆ ఇంట నిలవాలని. పంపుకిది ఇల్లే కదా అనుకుని నాలుగు గుంటల్లోనూ వేశాడు. పూటపూటా తడి. చోళ్ళు చేసేదేముంది, మొలిచాయి. ముద్దొచ్చి, దిమ్మ మీద కప్పిన తడి గోనె పక్కకు తొలగించి వాటికి ఎండ కూడా చూపించాడు.

యేసుపాదం తిరిగొచ్చి చూస్తే గుంటల్లో బెత్తెడు పచ్చటి నారు. బోల్టు గుంటలో అతను తేలును చూశాడు, కప్పను చూశాడు, పంటను చూడలేదు.

"పంపు నిలబెట్టమంటే పొలం నిలబెట్టినావేటి, బుధూ?"

మట్టి మిగిలితే జావ పట్టదనీ, పంపు ఊగి ఊగి ఊడుతుందనీ చెప్పి గునపం అందుకున్నాడు. బుధు గుంటలకు అడ్డంగా కూర్చుండిపోయాడు. స్తంభం గుంటలో గింజ తీస్తే ఇల్లాలు ఇల్లు విడిచిపోతుందంటారు. నీలవేణికి పురిటి జ్వరమని కబురొచ్చింది. ఆ తర్వాత మరో కబురు లేదు. ఆ సంగతి నేలకేసి చూస్తూ చెప్పాడు.

తీయకపోతే పంపు నిలవదు, తీస్తే బుధు నిలవడు. యేసుపాదం ఆదివారం చర్చిలో గొంతెత్తి పాడే మనిషి, ఇంకొకరి భయాన్ని గునపంతో పొడవలేకపోయాడు. గునపం పక్కన పెట్టి తనూ కూర్చున్నాడు.

పొద్దు నడినెత్తికొచ్చేసరికి రోడ్డు వైపు నుంచి నీలవేణి వచ్చింది, చిక్కిపోయి, వీపున గుడ్డలో పిల్లతో. జ్వరం తగ్గిందట, ఇక ఆగలేకపోయిందట. బుధు లేచాడు. మెడ తిరగదు గనక మనిషంతా తిరిగాడు. ఆమెను చూశాడు, పిల్లను చూశాడు. జరిగింది యేసుపాదమే చెప్పాడు.

ఆమె గుంటల మీదికి వంగి చూసింది.

"సోడి నారు పీకి నాటకుండా ఏ ఏడు తిన్నాం మనం?" అంది మొగుడితో. "పీకితే పోద్దా? నాటితేనే గదా నిలబడద్ది. నానూ మాయమ్మింటి కాడ పీకి, నీ ఇంట నాటిన నారునే గదా."

పిల్లను అతని చేతుల్లో పెట్టి, వేరు తెగకుండా నారంతా తీసింది. రేపు పంపు నీళ్ళు కారి తడిసే చోట వరసగా నాటింది. నాలుగు గుంటలూ ఖాళీ అయ్యాయి. ఐదో గుంట నారు బుధు చేతుల్లో నిద్రపోతోంది.

ఊరివాళ్ళు వచ్చి పంపును దుంగల మీద దొర్లించి దిమ్మకెక్కించారు. యేసుపాదం రసమట్టం పెట్టి, బుడగ నడిమికొచ్చేదాకా పంపు కాళ్ళ కింద పలచటి రేకుముక్కలు దోపాడు. జావ పోశాడు. అది గట్టిపడేదాకా ఇంకో వారం తడపాలనీ, తర్వాతే నట్లు బిగించి స్విచ్చి వేస్తాననీ చెప్పాడు.

బుధు ముఖం వాడిపోయింది. ఇచ్చిన మాటకు ఇంకో వారం గడువు. ఇంటికి నీళ్ళు తీసుకెళ్ళాలి గనక నీలవేణి అలవాటుగా గట్టు మీది కుండ అందుకుంది. అతను పిల్లను ఆమెకిచ్చి కుండ తీసుకున్నాడు.

"నాను తెత్తాను."

"ఊరి దాకానా?"

"ఊరి దాకానే."

గెడ్డలో ముంచుకొచ్చి, అంతమంది మగవాళ్ళ ముందు తువ్వాలు నెత్తిన పడేసి కుండ పెట్టుకున్నాడు. కుండ ఒక పక్కకు ఒరిగింది. మెడ ఇంకో పక్కకు ఒరిగింది. నీలవేణికి నవ్వొచ్చింది.

"ఇన్నాళ్ళూ ఇలాగేనా మోసినావు?"

కుండ దింపించి అతన్ని కూర్చోమంది. తువ్వాలును గట్టిగా మెలితిప్పి చుట్ట చుట్టింది. నెత్తిన పెట్టి, వాలుగా ఉన్న కుడివైపు పమిట చెంగు నుంచి చింపిన పేలిక దోపింది. కుండ పెట్టాక రెండు చేతులూ వదిలి చూసింది. నీళ్ళు తొణకలేదు.

రేకుముక్కల సంచి సర్దుకుంటున్న యేసుపాదం, "బుడగ నడిమికొచ్చింది, సెల్లీ" అన్నాడు.

బుధు ముందు నడిచాడు. వెనక నీలవేణి, వీపున పిల్ల, ఖాళీ చేతులు. ఆ దారిలో ఖాళీ చేతులతో ఏం చేయాలో ఆమెకు తెలియలేదు. మలుపు ఎక్కేటప్పుడు ఒక చెయ్యి అతని వీపున ఆనించింది.