మంచు కింది ఊచలు

ఎలక్షన్ వస్తుందా రాదా అన్నది ఒట్టావా పార్లమెంటులో కూర్చున్నవాళ్ళకు ఎత్తుగడ. మా టామరాక్ ఊళ్ళో అది నేల గడ్డకట్టే సమస్య. నవంబరు చివరికి నేల రాయి అయిపోతుంది. ఆ తర్వాత ఏప్రిల్ దాకా అందులో గుంజ దిగదు. అందుకని ప్రభుత్వానికి సొంత బలం లేని ఏడాది వచ్చిందంటే, పార్టీల బోర్డులు కట్టేవాళ్ళం పుకార్లను నమ్ముకుని నవంబరులోనే రోడ్ల పక్కన ఖాళీ గుంజలు పాతేస్తాం. ఎలక్షన్ ప్రకటించిన గంటలో వాటికి బోర్డులు బిగించేయాలి. ఈ ఊళ్ళో బోర్డు రంగే పార్టీ పేరు. మాది ఎర్ర పార్టీ. ప్రభుత్వం మాదే గానీ సగానికి నాలుగు సీట్లు తక్కువ. నీలంవాళ్ళు దాన్ని పడగొట్టాలని చూస్తారు, నారింజవాళ్ళు ఆ రోజుకి ఏది లాభమైతే అది చేస్తారు. ఫిబ్రవరిలో బడ్జెట్ మీద ఓటింగు. నారింజవాళ్ళు చెయ్యి వదిలేస్తే ఎలక్షనే.

ఊళ్ళో కలప మిల్లు మూతపడే వరకు నేను అక్కడ మెకానిక్‌ని. పేరు ఓరెస్ట్. ఎర్ర బోర్డులకు పెద్దని నేను. నీలం బోర్డులకు పెద్ద మా బావ రేజాన్, మా అక్క డారియా మొగుడు. ముప్పై ఏళ్ళుగా ఆదివారం భోజనం వాళ్ళింట్లోనే. అక్క క్యాబేజీ రోల్స్ వడ్డిస్తుంటే మేం ఒకణ్ణొకడు పొడుచుకుంటూ తింటాం.

"ఏరా బావమరిదీ, మీ గుంజలకి మొలకలొచ్చాయా?" అన్నాడు ఆ డిసెంబరులో.

"వస్తే నీకే కోసి పెడతాలే బావా. గడ్డి తినే పార్టీ మీదేగా."

"ఇద్దరూ పళ్ళెంలోకి చూసి తినండి," అంది అక్క.

జనవరి మొదటి వారంలో ఒక పొద్దున లేచి చూస్తే మా గుంజలు పద్నాలుగూ మడమ ఎత్తులో కోసి ఉన్నాయి. రంపంతో నున్నగా, తొందర లేకుండా కోసిన కోత. మిల్లులో ముప్పై ఏళ్ళు కలప కోసిన మా బావ చెయ్యి అది. నాకు ఒళ్ళు మండిపోయింది. సుత్తి పట్టుకుని తిన్నగా బావ ఇంటికి పోయి, వాకిట్లో ఉన్న అతని ట్రక్కు దీపాలు రెండూ పగలగొట్టాను. మూడో దెబ్బకి ముందద్దం పోయింది.

రేజాన్ బూట్ల తాళ్ళయినా కట్టుకోకుండా బయటికొచ్చాడు. "కోసింది నేనని ఎవడు చూశాడ్రా?"

"చూడక్కర్లేదు. కోత చూస్తే చాలు."

గుద్దాడు. నా పై పన్ను ఒకటి ఊడి మంచులో పడింది. నేను అతని చెవి పట్టుకుని తల ట్రక్కు తలుపుకేసి కొట్టాను. ఇద్దరం కిందపడి దొర్లాం, అరవై దగ్గరపడ్డ ముసలి వెధవలం. అక్క మంచు ఎత్తే పార తిరగేసి నా వీపు మీద రెండు, అతని వీపు మీద రెండు వేస్తే గానీ విడిపోలేదు. ముప్పై ఏళ్ళ వేళాకోళం ఆ పొద్దుటితో సరి.

అప్పుడు నాకు తట్టింది ఊచల ఆలోచన. మిల్లు మూసినప్పుడు నేనూ బావా కలిసి తెచ్చుకున్న ఇనుప ఊచలు నా షెడ్డులో కట్టలుగా ఉన్నాయి. వేలంత లావు, ఒక కొస కోసుగా ఉంటుంది. డ్రిల్లుతో నేల తొలిచి, మొద్దు కొస లోపలికి దిగగొట్టి, మోకాలెత్తు మాత్రం పైకి వదిలాను. రెండేసి చొప్పున ఏడు చోట్ల. మంచు పడితే కనపడవు. కనపడనిదాన్ని ఎవడూ కొయ్యలేడు. ఎలక్షన్ ప్రకటించగానే మంచు తవ్వి, గొట్టం కాళ్ళున్న బోర్డుని పైనుంచి తొడిగేస్తే అయిపోతుంది. నా తెలివికి నేనే మురిసిపోయాను. కోసు కొస పైకి ఉంటే గొట్టం సులువుగా దిగుతుందని అలా పెట్టాను. అంతకు మించి దాని గురించి ఆలోచించలేదు. అందరి కళ్ళూ పడే చోటు కదాని బడి గుట్ట కింద హైవే మలుపులో కూడా రెండు దిగగొట్టాను. పిల్లలు స్లెడ్డు చెక్కల మీద గుట్టకి అవతలి వైపు జారతారులే అనుకున్నాను. వారం తిరక్కుండా రెండడుగుల మంచు పడింది.

ఫిబ్రవరిలో ఓటింగుకి నాలుగు రోజుల ముందు, శుక్రవారం మధ్యాహ్నం, నా నడుముకున్న పేజర్ మోగింది. ఊరి అగ్నిమాపక దళంలో నేను స్వచ్ఛందంగా పనిచేస్తాను. హైవే పక్కన మంచు మీద నడిచే స్నోమొబైల్ బండి తిరగబడింది, ఇనుము కోసే మిషను పట్టుకురమ్మన్నారు. ఇనుము అన్న మాట వినగానే నా ఊచలు గుర్తొచ్చాయి.

నీలంవాళ్ళ గుంజలు నిలిచి ఉన్నాయో లేదో చూసుకోవడానికి రేజాన్ మామూలు దారి వదిలి కాలవ గట్టు వెంట పోయాడు. బండి ముందు పలక నా మొదటి ఊచకు తగిలింది. బండి తిరగబడి అతన్ని విసిరేసింది. రెండో ఊచ ఎనిమిది అడుగుల దూరంలో ఉంది. దాని మీద పడ్డాడు. తొడ వెనకనుంచి దిగి ముందునుంచి జానెడు బయటికొచ్చింది. కింద మంచు మోకాటి లోతు దాకా ఎర్రగా కరిగిపోయి ఆవిరి లేస్తోంది. మనిషికి స్పృహ ఉంది. అరవడం అప్పటికే మానేశాడు.

"ఊచ తియ్యకండి, కింద కొయ్యండి. తీస్తే రక్తమంతా పోతుంది," అన్నాడు అంబులెన్సు అతను.

కోయాల్సింది నేను. అతని తొడ కింద చెయ్యి దూర్చి, చర్మానికి బెత్తెడు దూరంలో మిషను పెట్టాను. నిప్పురవ్వలు అతని ప్యాంటు మీద పడుతుంటే ఎవరో తడి గుడ్డ పెట్టారు. ఇనుము వేడెక్కి ఆ వేడి లోపలికి పాకుతోంటే రేజాన్ పళ్ళ మధ్య పెట్టుకున్న తోలు గ్లవ్ కొరికి తెంపేశాడు. ఒక నిమిషం పట్టి ఉంటుంది. ఊచ తెగాక తల తిప్పి, తొడలోంచి పొడుచుకొచ్చిన ఆ కోసు కొసను చూశాడు. తర్వాత నన్ను చూశాడు. ఆ ఊచలు ఎవరి షెడ్డులో ఉన్నాయో అతనికి తెలుసు.

ఆ రాత్రే తొడ సగానికి పైన కాలు తీసేశారు.

ఊరు రగిలిపోయింది. మర్నాడు పోలీసులు ఆ రెండు ఊచలూ పీక్కుపోయారు. తక్కిన పన్నెండు అలాగే ఉన్నాయి. పీకేద్దామని బడి గుట్ట దాకా బండిలో పోయాను. మలుపులో రేజాన్ తమ్ముడు ఫెర్నాన్ ట్రక్కు ఆపుకుని, దొరికినవాణ్ణి చంపేసేలా అటూ ఇటూ చూస్తూ కూర్చున్నాడు. నాకు చెయ్యి ఊపాడు. నేనూ ఊపి పోయాను. పీకుతూ దొరికితే నేనేనని తేలిపోతుంది. మంచు ఇంకా లోతుగానే ఉంది, ఎవరికీ తగలదులే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్ముకోవాలనిపిస్తుంది.

మంగళవారం సాయంత్రం, ఐసు మీద రాళ్ళు జార్చి ఆడే కర్లింగ్ ఆట క్లబ్బులో టీవీ ముందు ఊరంతా చేరింది. ఎర్రవాళ్ళం కిటికీల వైపు, నీలంవాళ్ళు బార్ వైపు. మధ్యలో ఒంటరిగా ఐనో. సిమెంటు పనివాడు, నారింజ బోర్డులకు ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క మనిషి. నెమ్మదిగా మాట్లాడతాడు, ఎవరి జోలికీ పోడు. రెండు పక్షాలకూ అతనంటే పడదు. మా ఓట్లు చీలుస్తాడని మాకు, అతని పార్టీవాళ్ళు మా ప్రభుత్వాన్ని నిలబెడతారని వాళ్ళకు.

ఒట్టావాలో ఒక్కొక్కరే లేచి నిలబడి ఓటేస్తున్నారు. నారింజవాళ్ళు లేచారు, బడ్జెట్‌కు అనుకూలంగా. ప్రభుత్వం రెండు ఓట్లతో బతికింది. ఎలక్షన్ లేదు. మావాళ్ళు చప్పట్లు కొట్టారు.

ఫెర్నాన్ గ్లాసు పెట్టేసి ఐనో దగ్గరికి పోయాడు. "సిమెంటులో ఏ ఊచలు వేస్తావురా నువ్వు?"

"అన్ని రకాలూ వేస్తాను. ఎందుకు?"

"మా అన్న కాల్లో దిగిందీ అందులో ఒకటేగా?"

"పోలీసులొచ్చి చూశారు ఫెర్నాన్. నా దగ్గర అలాంటివి లేవు."

"మా అన్న తన నోటితో చెప్పాడు, నువ్వేనని."

రేజాన్ అలా ఎందుకు చెప్పాడో అర్థం కాలేదు. ఐనో లేవబోయాడు. ఫెర్నాన్ గోడకున్న, ఆటలో ఐసు తుడిచే కర్లింగ్ చీపురు తీసి దాని కర్రతో దవడ మీద కొట్టాడు. ఎముక విరిగిన చప్పుడు నేను నిలబడ్డ చోటికి వినపడింది. కిందపడ్డాక నలుగురు చేరారు. బూట్లతో పక్కటెముకల్లో, కడుపులో తన్నారు. మొహానికి అడ్డం పెట్టుకున్న చేతిని ఒకడు మడమతో తొక్కాడు. ఐనో నోట్లోంచి రక్తం, పళ్ళు, ఏదో మాట కలిసి వస్తున్నాయి. మా ఎర్రవాళ్ళు ఒక్కరూ కదల్లేదు. ఒకడైతే నా పక్కనే నవ్వాడు. "నేనే" అన్న మాట నా నోట్లోనే ఉంది. బీరు గ్లాసు పట్టుకుని నిలబడ్డాను. బార్ నడిపే ఆవిడ పోలీసులకు ఫోన్ చేసేదాకా అలాగే నిలబడ్డాను.

శనివారం పొద్దున ఆసుపత్రికి పోయాను. నలభై నిమిషాల దారి. ఒకే వరండాలో ఇటు గదిలో రేజాన్, అటు గదిలో ఐనో. అక్క కాఫీ తేవడానికి కిందికి పోయింది. రేజాన్ దుప్పటి కింద ఒక వైపు పల్లంగా ఉంది. చూపు ఎక్కడ పెట్టాలో తెలియక కిటికీ వైపు పెట్టాను.

"ఐనో పేరెందుకు చెప్పావు బావా?"

"ఇంకెవరి పేరు చెప్పమంటావు? నీదా?" మాట నీరసంగా ఉన్నా ఎత్తిపొడుపు పోలేదు. "నీ పేరు చెబితే మీ అక్క మొగుడి పక్కన నిలబడాలా, తమ్ముడి పక్కనారా? కాలు ఎలాగూ పోయింది. ఇల్లు కూడా పోవాలా?"

"వాణ్ణి చచ్చేలా కొట్టారు."

"నేను కొట్టమన్లేదు. ఫెర్నాన్ సంగతి తెలిసిందేగా." దుప్పటి పైకి లాక్కున్నాడు. "గుంజలు కోసింది నేనే. చెల్లుకు చెల్లు అనుకో. వసంతంలో ఎలక్షన్ అంటున్నారు మళ్ళీ. నారింజోళ్ళ పరువు పోతే మనిద్దరికీ మంచిదే. నోరు మూసుకుని ఇంటికి పో."

నన్ను కాపాడాడు. నా మీద ప్రేమతోనే కాపాడాడు. ఆ ప్రేమ ఖరీదు ఎదురు గదిలో దవడకు తీగలు కట్టుకుని పడుకుని ఉంది. నాకు అతని మీద ఎంత అసహ్యం వేసిందో, నా మీద అంతకు పదింతలు వేసింది. లేచి వరండా దాటాను.

ఐనోకి ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతికి పట్టీ. నన్ను చూసి రెండో కంటితో పలకరించినట్టే చూశాడు. అది భరించలేకపోయాను.

"ఊచలు నావి ఐనో. పాతింది నేను. నిన్ను కొడుతుంటే చూస్తూ నిలబడ్డాను."

ఎడమచేత్తో దగ్గరికి రమ్మన్నాడు. వంగాను. పట్టీ కట్టిన చేత్తోనే మొహం మీద కొట్టాడు. నాకంటే అతనికే ఎక్కువ నొప్పి పుట్టి ఉంటుంది, తీగల మధ్యనుంచి మూలిగాడు. మళ్ళీ కొట్టాడు. నేను తల పక్కకు తిప్పలేదు. ముక్కులోంచి రక్తం అతని దుప్పటి మీద కారింది. ఆగి, ఊపిరి తీసుకుని, మాట రాదని పక్కన పెట్టిన రాత పలక అందుకుని ఎడమచేత్తో వంకరగా రాశాడు.

ఇంకా ఎన్ని ఉన్నాయి?

వారం రోజుల్లో నన్నెవరూ అడగని మాట అది. మావాళ్ళు అడగలేదు, నీలంవాళ్ళు అడగలేదు. ఎవరు చేశారన్నదే అందరి గొడవ. అంతా తెలిసిన రేజాన్ కూడా అడగలేదు.

"పన్నెండు," అన్నాను.

ఐనో నా మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో మంచం పక్కనున్న ఫోను నా వైపు తోశాడు. పోలీసులకు చేశాను. పేరు చెప్పాను. ఒక్కో చోటూ చెప్పుకొచ్చాను. చర్చి మలుపు, పెట్రోలు బంకు ఎదురుగా, పాత మిల్లు గేటు. ఎదురు గదిలోంచి రేజాన్ అరుస్తున్నాడు, "ఒరేయ్, పెట్టేయరా ఫోను, పెట్టేయ్." ఆఖరికి బడి గుట్ట అన్నాను.

"ఇప్పుడక్కడ ఎవరైనా ఉంటారా?" అడిగింది అవతలి పోలీసావిడ.

శనివారం. పదకొండు గంటలు. మూడు రోజులుగా ఎండ కాసి మంచు దిగిపోతోంది.

"పిల్లలుంటారు," అన్నాను.

గుమ్మంలో అక్క. ఎప్పుడొచ్చిందో తెలియదు. రెండు కాఫీలూ నేల మీద పడ్డాయి. కారు తాళాలు తీసుకుని పరుగెత్తింది.

ఐనో నా మణికట్టు వదల్లేదు. నేను గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను. రేజాన్ అరుపులు ఆగిపోయి ఏడుపు మొదలైంది. నర్సు వచ్చి నా ముక్కు తుడుస్తానంటే వద్దన్నాను. యాభై నిమిషాలకు ఫోను మోగింది. అక్క గొంతు రొప్పుతోంది, వెనక పిల్లల కేకలు వినపడుతున్నాయి.

"ఒక ఊచ బయటికి తేలి ఉంది. దానికి మూరెడు ఇవతల స్లెడ్డు జాడ ఉంది. ఎవరికీ తగల్లేదు."

"అక్కా..."

"ఇక మా ఇంటికి రాకు ఓరెస్ట్."

ఎవరికీ తగల్లేదని ఐనోకి చెప్పాను. అప్పుడు నా చెయ్యి వదిలాడు.